స్వాతంత్ర్య వార్షికోత్సవ నాణేలు: చలామణి నుంచి పేటిక వరకు

ప్రభుత్వం ముద్రించి ప్రజల్లోకి పంపే వస్తువులలో రాజపత్రాలకన్నా, పాఠ్యపుస్తకాలకన్నా ఎక్కువ చేతులు మారేది నాణెం. చదువు వచ్చినవారికీ రానివారికీ, కొనేవారికీ అమ్మేవారికీ అది సమానంగా అందుతుంది. అందువల్ల జాతి చరిత్రలోని ఒక ఘట్టానికి పాతికేళ్లో యాభై ఏళ్లో నిండినప్పుడు ఆ సంగతిని నాణెం మీద చెక్కించాలని పాలకులు తలచడంలో వింత ఏమీ లేదు. 1906 నాటి పాత చట్టం స్థానంలో 2012 మార్చి 28న అమల్లోకి వచ్చిన 2011 నాణేల చట్టం, ఏదైనా ప్రత్యేక సందర్భాన్ని గాని ఘటనను గాని స్మరించడానికి ప్రభుత్వం ముద్ర వేయించి, భారత ద్రవ్యంలో విలువ తెలిపిన నాణేన్ని స్మారక నాణెంగా నిర్వచించింది. ఆ నిర్వచనంలో నాణెం బజారులో తిరగాలన్న షరతు లేదు, తిరగరాదన్న షరతూ లేదు. ఈ రెండు అవకాశాలలో మొదటిదాన్ని పట్టుకొని బయలుదేరిన స్వతంత్ర భారతం క్రమంగా రెండోదాని వైపు జరిగిపోయింది. ఆ జరుగుబాటులో పోగొట్టుకున్నది ఏమిటన్నదే ఈ ఉపన్యాసానికి విషయం.

ఘటనను నాణెం మీద నిలిపే అలవాటు ఈ దేశానికి కొత్తది కాదు. సముద్రగుప్తుడు అశ్వమేధం చేసిన సందర్భానికి గుర్తుగా వేయించిన బంగారు నాణేల మీద ఒకవైపు యూపస్తంభం ముందు నిలిచిన గుర్రం, రెండోవైపు రాణి కనిపిస్తారు. అయితే తెలుగు పాఠకులు తప్పక తెలుసుకోదగిన ఉదాహరణ అంతకు ముందరిది. 1906లో నాసిక్ దగ్గర జోగల్తెంబిలో దొరికిన నిధిలో పశ్చిమ క్షత్రప రాజైన నహపానుడి వెండి నాణేలు 13 వేలకు పైగా ఉండగా, వాటిలో సుమారు మూడింట రెండు వంతుల మీద శాతవాహన ప్రభువు గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను మళ్లీ కొట్టించాడు. ఓడిన రాజు నాణేలను కరిగించి కొత్తవి పోయించడం ఆయనకు అసాధ్యమేమీ కాదు. అలా చేయకుండా, నహపానుడి ముఖం సగం చెరిగి సగం మిగిలేటట్లు దానిమీద చైత్యం గుర్తును, రెండో వైపున ఉజ్జయినీ చిహ్నాన్ని వేయించి ఆ నాణేలనే చలామణిలో ఉంచాడు. విజయవార్తను చాటడానికి ఆయన ఎంచుకున్న సాధనం జనం అప్పటికే వాడుతున్న డబ్బు. స్మారక నాణెమనే పేరు ఆనాటికి లేకపోయినా దాని అసలు పని ఏమిటో ఆ నిధి చెప్పినంత స్పష్టంగా తరువాతి కాలపు బంగారు పతకాలేవీ చెప్పవు.

ఆధునిక భారతంలో స్వాతంత్ర్యం వచ్చిన క్షణాన్ని నాణెం వెంటనే పట్టుకోలేదు. 1947 నవంబరు 21న జాతీయ పతాకంతో, జైహింద్ నినాదంతో తపాలా బిళ్ల వెలువడింది. 1948 ఆగస్టు 15న గాంధీజీ చిత్రంతో బిళ్లలు వచ్చాయి. నాణేల మీద మాత్రం ఆరవ జార్జి రాజు ముఖం 1950 దాకా కొనసాగింది. 1950 ఆగస్టు 15న విడుదలైన గణతంత్ర భారతపు మొదటి నాణేలలో రాజు స్థానాన్ని అశోకుడి సారనాథ్ సింహశీర్షం ఆక్రమించింది, రూపాయి మీద ఉన్న పులి తొలగి ధాన్యపు కంకులు వచ్చాయి. రాజు బొమ్మకు బదులు గాంధీజీ బొమ్మ వేయాలన్న ఆలోచన కరెన్సీ నోట్ల విషయంలో తొలుత గట్టిగానే సాగినా చివరికి సింహశీర్షానిదే పైచేయి అయింది. వ్యక్తి ముఖాన్ని ద్రవ్యం మీద నిలపడం రాచరికపు లక్షణమన్న సంకోచం కొత్త గణతంత్రానికి ఉన్నదని చెప్పడానికి ఈ నిర్ణయం ఒక్కటే చాలిన సాక్ష్యం కాకపోవచ్చు. కాని 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చి, నయాపైసలు చేతికి అందినప్పుడు కూడా నాణేల మీద మనిషి ముఖం లేదన్నది గమనించదగినది. ఆ సంకోచాన్ని వదిలించింది ఒక మరణం. 1964 మే 27న జవహర్‌లాల్ నెహ్రూ కన్నుమూశాక, అదే సంవత్సరం ఆయన ముఖచిత్రంతో 50 పైసల నాణెం, రూపాయి నాణెం వెలువడ్డాయి. గణతంత్ర భారతంలో స్మారక నాణేలకు అవే మొదటివి. 1969లో గాంధీ శతజయంతికి 20 పైసలు, 50 పైసలు, రూపాయి, 10 రూపాయల నాణేలు నాలుగు వచ్చాయి.

వ్యక్తికి కాక ఘటనకు, అందులోను జాతి మొత్తానికి చెందిన ఘటనకు నాణెం వేసిన సందర్భం 1972లో స్వాతంత్ర్య రజతోత్సవంతో వచ్చింది. ఆ సంవత్సరం ఆగస్టు 15ను ప్రభుత్వం మూడు విధాలుగా గుర్తు చేసుకుంది. స్వాతంత్ర్య సమరయోధులకు తామ్రపత్రాలు ఇచ్చింది, వారికి పెన్షను పథకం ఆరంభించింది, సామాన్య జనానికి 50 పైసల నాణెం ఇచ్చింది. తామ్రపత్రం ఒక కుటుంబంలో గోడకు వేలాడే గౌరవం, పెన్షను నెలనెలా అందే ఆసరా. 50 పైసల నాణెం మాత్రం ఎవరి పేరా లేకుండా అందరికీ చేరేది. పార్లమెంటు భవనం ముందు జాతీయ పతాకం ఎత్తుతున్న దంపతుల బొమ్మ దాని మీద ఉంది. ఆ బొమ్మలో నాయకుడు లేడు, సైనికుడు లేడు, 1947 నాటి అర్ధరాత్రి సభ లేదు. పేరు లేని ఒక స్త్రీ, ఒక పురుషుడు ఉన్నారు. అంతకు ఎనిమిదేళ్ల ముందు నెహ్రూతోను, మూడేళ్ల ముందు గాంధీజీతోను మొదలైన స్మారక నాణేల వరుసలో ఈ ఎంపిక చిన్నది కాదు. స్వాతంత్ర్యం ఎవరిదన్న ప్రశ్నకు టంకశాల ఇచ్చిన సమాధానాలలో ఇంతకన్న నిరాడంబరమైనది, ఇంతకన్న సరైనది ఆ తరువాత యాభై ఏళ్లలో రాలేదని చెప్పడానికి వెనుకాడనక్కరలేదు.

అదే బొమ్మతో 10 రూపాయల వెండి నాణెం కూడా ఆ సంవత్సరం వెలువడింది. 1969 నాటి గాంధీ నాణెం 15 గ్రాముల బరువుతో 80 శాతం వెండిగా ఉండగా, 1972 నాణెం 22.5 గ్రాములకు పెరిగి వెండి 50 శాతానికి తగ్గింది. లెక్క వేస్తే మొదటిదానిలో 12 గ్రాముల వెండి, రెండోదానిలో 11.25 గ్రాములు, నాణెం పెద్దదయింది, వెండి తగ్గింది. రజతోత్సవం పేరిట వచ్చిన నాణెంలో రజతమే తరిగిపోవడం కాకతాళీయమే అయినా, లోహం ధర ముఖవిలువను తరుముకొస్తున్న రోజులలో వెండి నాణెం చేతులు మారే డబ్బుగా బతకలేదన్న ఆర్థిక సత్యం అందులో ఉంది. ముఖవిలువ అంటే నాణెం మీద ముద్రించిన విలువ. లోహపు విలువ దాన్ని మించిన మరుక్షణం నాణెం కొట్టునుంచి పెట్టెలోకి, పెట్టెనుంచి కంసాలి మూసలోకి పోతుంది. రాగి-నికెల్ మిశ్రమంతో చేసిన 50 పైసల నాణెం ఆ బాధ లేకుండా తిరిగింది కనుకనే రజతోత్సవ జ్ఞాపకాన్ని నిజంగా మోసినది అదే. 25 పైసలు, అంతకు తక్కువ విలువ గల నాణేలన్నీ 2011 జూన్ 30 నుంచి చెల్లుబాటు కోల్పోగా గాంధీ శతజయంతి నాటి 20 పైసల బిళ్ల వాటితో పాటే పోయింది. 50 పైసలకు మాత్రం చట్టం ఇంకా చెల్లుబాటు ఇస్తూనే ఉంది, ఒక చెల్లింపులో 10 రూపాయలు మించరాదన్న హద్దుతో.

చలామణిలో తిరిగిన స్మారక నాణేనికి మరొక గుణం ఉంది. అది తిరిగి తిరిగి తన సందర్భాన్ని మరపించి మామూలు నాణెమైపోగలదు. 1982లో జాతీయ సమైక్యత అన్న అంశంతో భారతదేశ పటం, పతాకం గల 2 రూపాయల నాణెం వచ్చింది. ఆ నమూనాయే తరువాత పదకొండు భుజాల రూపంతో ఏళ్ల తరబడి సాధారణ నాణెంగా నడిచింది. దాన్ని లెక్కపెట్టి ఇచ్చిన కండక్టరుకు గాని, పుచ్చుకున్న ప్రయాణికుడికి గాని అది ఒక ప్రత్యేక సందర్భపు నాణెమన్న స్పృహ ఉండే అవకాశం లేదు. దీనిని వైఫల్యమని అనుకునేవారు ఉండవచ్చు. కాని ఒక జాతి తనను గురించి చెప్పుకున్న మాట ఎవరూ ప్రత్యేకంగా గమనించనంతగా అలవాటైపోవడం, ఆ మాట స్థిరపడిందనడానికి గుర్తు. 1997లో స్వర్ణోత్సవానికి కూడా 50 పైసల నాణెం వచ్చింది, దానితో పాటు సేకర్తల కోసం 50 రూపాయల వెండి నాణెం వచ్చింది. 2005లో దండి యాత్రకు 75 ఏళ్లు, 2007లో 1857 సంగ్రామానికి 150 ఏళ్లు నిండిన సందర్భాలలో 5 రూపాయల నాణేలు జనంలోకి వచ్చాయి. 2015లో దక్షిణాఫ్రికా నుంచి గాంధీజీ తిరిగివచ్చి నూరేళ్లయిన సందర్భం రెండు లోహాల 10 రూపాయల నాణెంగా బజారుకు చేరింది. ఇంతవరకు కథ ఒక దారిలోనే ఉంది.

దారి మళ్లిన తీరు ముఖవిలువలను చూస్తే బోధపడుతుంది. 1972లో పాతికేళ్ల సందర్భానికి 25 పైసల నాణెం వేయవలెనని ఎవరూ పట్టుపట్టలేదు. చేతికి అలవాటైన విలువను తీసుకొని దానిమీద సందర్భాన్ని చెక్కారు. 1997లో 50 ఏళ్లకు 50 పైసలు, 50 రూపాయలు వచ్చినప్పుడు సందర్భపు అంకె, విలువ అంకె ఒకటయ్యాయి. 2010 నుంచి ఆ పోలిక ఒక పద్ధతిగా స్థిరపడింది. రిజర్వు బ్యాంకు 75 ఏళ్లకు 75 రూపాయలు, ఆదాయపు పన్ను 150 ఏళ్లకు 150 రూపాయలు, తంజావూరు బృహదీశ్వరాలయం వెయ్యేళ్లకు 1,000 రూపాయలు, గురునానక్ 550వ జయంతికి 550 రూపాయలు, మీరాబాయి 525వ జయంతికి 525 రూపాయలు, 2024లో రిజర్వు బ్యాంకు 90 ఏళ్లకు 90 రూపాయలు. నాణెం మీది అంకె వస్తువుల ధరను కొలవడం మాని సంవత్సరాలను లెక్కపెట్టడం మొదలుపెట్టింది. చట్టం 1,000 రూపాయలకు మించిన నాణేన్ని అనుమతించదు కనుక వెయ్యేళ్లు దాటిన ఉత్సవాలకు ఈ గణితం ఎలాగూ పనిచేయదు. అంతకన్న ముఖ్యమైన సంగతి వేరే ఉంది: 550 రూపాయల నాణెంతో ఎవరూ బియ్యం కొనరు. కొనరని తెలిసే వేసిన నాణెం అది.

ఇటువంటి నాణేలలో జాతీయ ప్రాముఖ్యం గలది 2023 మే 28న కొత్త పార్లమెంటు భవన ప్రారంభ సందర్భంగా ప్రధానమంత్రి విడుదల చేసిన 75 రూపాయల నాణెం. దాని వ్యాసం 44 మిల్లీమీటర్లు, బరువు 35 గ్రాములు, అంచు చుట్టూ 200 గాట్లు. 50 శాతం వెండి, 40 శాతం రాగి, 5 శాతం చొప్పున నికెల్, జింకు కలిసిన నాలుగు లోహాల మిశ్రమం. ఒకవైపు సింహశీర్షం, రూపాయి గుర్తు, 75 అంకె; రెండో వైపు పార్లమెంటు భవన సముదాయం. అందులో ఉన్న 17.5 గ్రాముల వెండి విలువే ముఖవిలువకు ఎన్నో రెట్లు కనుక దాన్ని 75 రూపాయలకు ఎవరూ ఇవ్వరు, 75 రూపాయల సరకుకు ఎవరూ వదులుకోరు. 2024 నవంబరు 26న రాజ్యాంగ ఆమోదానికి 75 ఏళ్లు నిండిన సందర్భంగా రాష్ట్రపతి విడుదల చేసిన నాణెం కూడా 75 రూపాయలదే. రెండు సందర్భాలూ గణతంత్రానికి మూలస్తంభాల వంటివి. 1972లో పార్లమెంటు భవనం 50 పైసల మీద ఊరూరా తిరిగితే, 2023లో అదే అంశం మఖమలు పేటికలో కూర్చుంది.

ఈ మార్పును ప్రభుత్వపు మాటలే అనుకోకుండా బయటపెట్టాయి. స్వాతంత్ర్య అమృతోత్సవాల చిహ్నంతో 1, 2, 5, 10, 20 రూపాయల నాణేల శ్రేణిని 2022 జూన్ 6న విడుదల చేసినప్పుడు, అవి స్మారక నాణేలు కావని, చలామణిలో ఉంటాయని అధికారికంగా వివరించారు. చూపులేనివారు కూడా తడిమి గుర్తించేటట్లు రూపొందించిన ఆ నాణేలు, చట్టం చేసిన నిర్వచనం ప్రకారం చూస్తే స్మారక నాణేలు కాకుండా పోవడానికి కారణం కనబడదు. ప్రత్యేక సందర్భం ఉంది, ప్రభుత్వ ముద్ర ఉంది, భారత ద్రవ్యంలో విలువ ఉంది. కాని స్మారకమంటే పేటికలో ఉండేదని, చలామణి అయ్యేది స్మారకం కాదని పాలనా వ్యవహారంలో ఒక భావం స్థిరపడిపోయింది. డెబ్బై అయిదేళ్ల స్వాతంత్ర్యాన్ని నిజంగా జనం చేతికి అందించిన నాణేలు ఈ చిల్లర నాణేలే అయినా, స్మారకమన్న గౌరవం వాటికి దక్కలేదు.

సేకర్తల నాణేన్ని తేలికగా తీసివేయడం న్యాయం కాదు. దాని తయారీలో చలామణి నాణేనికి దొరకని కౌశలం ఉంది. చిత్రకారుడు గీసిన నమూనాను ముందు పెద్ద పరిమాణంలో ఉబ్బెత్తు శిల్పంగా మలిచి, దాన్ని యంత్రంతో నాణెం కొలతకు కుదించి, గట్టి ఉక్కు మీద అచ్చుగా చెక్కుతారు. ఆ అచ్చును టంకశాలలో డై అంటారు. లోహపు రేకు నుంచి కోసిన గుండ్రటి బిళ్లలను కాల్చి మెత్తబరచి, అంచు లేపి, రెండు డైల మధ్య పెట్టి ఒత్తితే నాణెం అవుతుంది. ప్రూఫ్ అని పిలిచే ఉత్తమ తరగతి నాణేనికి డైని, బిళ్లను ముందుగా మెరుగుపెట్టి, ఒకటికి మించి ఒత్తుళ్లు ఇచ్చి, చేతి తొడుగులతో తీసి పెట్టెలో భద్రపరుస్తారు. నేపథ్యం అద్దంలా, బొమ్మ మంచు పట్టినట్లు కనిపించేది అందుకే. ముంబయి, కోల్‌కతా, హైదరాబాదు, నోయిడా టంకశాలలను నడిపే ప్రభుత్వ సంస్థ వీటిని అమ్మి ఆదాయం గడిస్తుంది, నాణేలశాస్త్రంలో ఆసక్తి గలవారు వాటిని పదిలపరుస్తారు. వందేళ్ల తరువాత మ్యూజియంలో చెక్కుచెదరకుండా కనిపించేది 2023 నాటి 75 రూపాయలే తప్ప, బొమ్మ అరిగిన 50 పైసలు కాదన్న వాదనలో బలం ఉంది. అయినా అది భావితరాల మ్యూజియానికి చేసిన ఏర్పాటు. వర్తమానంలో దేశప్రజలకు చెప్పిన మాట కాదు. రెండో పని వదిలిపెట్టి మొదటిదే చేస్తే స్మారక నాణెం పతకంగా మారుతుంది, పతకం మీద రూపాయి గుర్తు ఉండటం వల్ల అది డబ్బు కాబోదు.

ఇతర దేశాల అనుభవం ఈ విషయంలో పనికివస్తుంది. అమెరికా తన మొదటి స్మారక నాణేన్ని కొలంబస్ యాత్రకు 400 ఏళ్లు నిండినప్పుడు 1892లో అర డాలరుగా వేసి, చికాగో ప్రదర్శనలో ఒక డాలరుకు అమ్మింది. అమ్ముడుపోని నాణేలెన్నో చివరికి ముఖవిలువకే బజారులోకి వచ్చాయి. ఆ తరువాత ఊరికొక ఉత్సవం, ఉత్సవానికొక నాణెం చొప్పున పెరిగి, 1930లలో కొన్ని నమూనాలను లాభం కోసం ఏళ్ల తరబడి వేస్తూ పోయారు. ఓరెగాన్ బాట పేరిట వచ్చిన అర డాలరు 1926 నుంచి 1939 దాకా విడతలుగా వెలువడింది. ఈ ఆగడాన్ని 1939లో కాంగ్రెసు అడ్డుకోవలసి వచ్చింది, 1954 తరువాత 1982 దాకా అక్కడ సేకర్తల స్మారక నాణేలే ఆగిపోయాయి. సరిగ్గా ఆ విరామంలోనే అమెరికా స్వాతంత్ర్య ద్విశతాబ్ది వచ్చింది. 1973లో చేసిన చట్టం ప్రకారం పావు, అర, ఒక డాలరు నాణేల వెనుకభాగాలకు బహిరంగ పోటీ పెట్టి, గెలిచిన ముగ్గురికి 5,000 డాలర్ల చొప్పున బహుమతి ఇచ్చారు. వలసకాలపు డప్పు వాయిద్యగాడు పావు డాలరుకు, స్వాతంత్ర్య మందిరం అర డాలరుకు, చంద్రుడి ముందు స్వేచ్ఛాఘంట డాలరుకు ఎక్కాయి. మూడింటి మీదా 1776–1976 అని జంట సంవత్సరాలు చెక్కి, 1975, 1976 రెండేళ్లూ వాటినే వేశారు. 1975 ఒక్కటే ముద్రించిన పావు డాలరు లేదు. ఆ పావు డాలర్లు 160 కోట్లకు పైగా జనంలోకి వెళ్లాయి. ఒక జాతి తన జన్మదినాన్ని చిల్లర డబ్బుతో జరుపుకోవడం ఎలాగో అంత పకడ్బందీగా చూపిన సందర్భం మరొకటి అరుదు. 250వ వార్షికోత్సవమైన 2026కు కూడా ఆ దేశం చలామణి నాణేల నమూనాలనే మార్చాలని ముందుగా చట్టం చేసుకుంది.

చలామణి నాణెం మీద సందర్భాలను మార్చుతూ పోవడంలో చిక్కులు లేవని ఎవరూ అనరు. వాటిని తెలుగువారికన్న బాగా చూసినవారు తక్కువ. 10 రూపాయల నాణెం రకరకాల స్మారక నమూనాలతో రావడం వల్ల ఏది అసలో ఏది నకిలీయో అన్న అనుమానం పుట్టి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఎన్నో దుకాణాలు, ఆటోలు దాన్ని పుచ్చుకోవడమే మానేశాయి. అప్పటిదాకా వచ్చిన 14 నమూనాలూ చెల్లుతాయని 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు ప్రకటించవలసి వచ్చింది, ప్రకటించాక కూడా నిరాకరణ సమసిపోవడానికి చాలా కాలం పట్టింది. పార్లమెంటుకు 60 ఏళ్లని, అంబేడ్కర్ 125వ జయంతి అని, జాతీయ అభిలేఖాగారానికి 125 ఏళ్లని చెప్పే నాణేలు బేరసారాల మధ్య దొంగ బిళ్లలుగా ముద్రపడ్డాయి. ఇందులో దోషం స్మరణది కాదు, అతిగా స్మరించడానిది. కొద్దికాలంలో గుంపుగా వచ్చిన నమూనాలను జనానికి పరిచయం చేయకుండా వదిలితే సందేహం రాక తప్పదు. 1975లో అమెరికా మూడు నాణేలను మాత్రమే మార్చి రెండేళ్లు అవే నడిపిందంటే అందులో ఈ వివేకం ఉంది.

జనం చూసే నాణెం జనానికి జవాబుదారీ అవుతుందన్న మాట కూడా ఇక్కడ చేర్చవలసి ఉంది. 1911లో అయిదవ జార్జి రూపాయి మీద రాజు అంగీలోని ఏనుగు బొమ్మ పందిలా కనిపిస్తున్నదని ముస్లింలు అభ్యంతరం చెప్పగా, చక్రవర్తి ప్రభుత్వమే ఆ నాణేన్ని వెనక్కు తీసుకొని మరుసటి ఏడాదికి నమూనా సరిదిద్దింది. బృహదీశ్వరాలయం, వైష్ణోదేవి నాణేల మీద మతపరమైన అభ్యంతరంతో వేసిన వ్యాజ్యాన్ని ఢిల్లీ హైకోర్టు 2018లో కొట్టివేసింది. తీర్పు ఎటు వచ్చినా, నాణెం మీది బొమ్మ గురించి పౌరుడు కోర్టుకెక్కడం ఆ బొమ్మ సజీవంగా ఉందనడానికి సాక్ష్యం. పేటికలో ముడుచుకున్న నాణెం మీద ఏ భవనం ఉన్నా, ఏ నినాదం ఉన్నా వార్తలలో ఒక రోజు వినిపించి అంతటితో పోతుంది. విమర్శకు అందని చోట పెట్టిన జ్ఞాపకం గౌరవాన్ని కూడా పొందదు.

నాణెం మీది లిపి సంగతి వేరుగా ప్రస్తావించదగినది. 1906 చట్టం తరువాత వచ్చిన రాగి-నికెల్ అణా నాణెం మీద, ఎడ్వర్డ్ చక్రవర్తి కాలంలో, విలువను ఉర్దూ, బెంగాలీ, దేవనాగరి లిపులతో పాటు తెలుగులోనూ చెక్కారు. అంతకు ముందు మద్రాసు ప్రెసిడెన్సీ కోసం ఈస్టిండియా కంపెనీ వేయించిన ఫణాలనే చిన్న నాణేల మీదా తెలుగు అక్షరాలు ఉన్నాయి. పరాయి ప్రభుత్వం తన సౌకర్యం కోసమే ఆ పని చేసి ఉండవచ్చు. అయినా స్వతంత్ర భారతం వేసిన నాణేలలో దాదాపుగా దేవనాగరి, రోమన్ లిపులకే చోటు మిగిలింది. కరెన్సీ నోటు వెనుక భాషల పట్టికలో తెలుగుకు దక్కిన స్థానం నాణెం మీద దక్కలేదు. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో విడుదలై, హైదరాబాదు టంకశాలలో తయారైన నందమూరి తారక రామారావు శతజయంతి 100 రూపాయల నాణెం మీద కూడా ఆయన పేరు దేవనాగరిలోనే ఉంది. మరుసటి ఏడాది వచ్చిన కరుణానిధి శతజయంతి నాణెం మీద తమిళ వాక్యం ఒకటి చోటు చేసుకుంది. అంటే ప్రాంతీయ లిపికి నాణెం మీద నిషేధం లేదు; అడిగినవారికి అది దొరుకుతుంది.

నిజాం సికందర్ జా కాలంలో 1803లో ఏర్పడి, 1903లో సైఫాబాదుకు, 1997లో చర్లపల్లికి మారిన హైదరాబాదు టంకశాల నేటికీ తన నాణేల మీద సంవత్సరం కింద చిన్న నక్షత్రం గుర్తు వేస్తుంది. ముంబయి వజ్రాకారం, నోయిడా చుక్క వేస్తాయి, కోల్‌కతా ఏ గుర్తూ వేయదు. సైఫాబాదులోని పాత భవనం 2022లో నాణేల మ్యూజియం అయింది. తెలుగు నేలమీద ఇంత పరంపర గల టంకశాల ఉండగా, 2047లో రానున్న స్వాతంత్ర్య శతాబ్ది నాణెం ఎలా ఉండాలన్న చర్చ ఇక్కడినుంచే మొదలుకావడం సముచితం. చెల్లింపులు ఫోనుల్లోకి మారిపోతున్న కాలంలో నాణెం 2047 దాకా నిలుస్తుందా అన్న సందేహం సహజమే. అయితే చిల్లర అందడం లేదన్న ఫిర్యాదులకు 2023లో రిజర్వు బ్యాంకు క్యూఆర్ కోడ్‌తో నాణేలిచ్చే యంత్రాల ప్రయోగం ప్రకటించడాన్ని చూస్తే దాని అవసరం ఇంకా తీరలేదని తెలుస్తుంది.

కనుక కేంద్ర ఆర్థిక మంత్రిత్వశాఖకు, టంకశాలల సంస్థకు ఈ వేదిక నుంచి చేయదగిన విన్నపం ఒకటే. శతాబ్దికి 100 రూపాయల వెండి నాణెం వేస్తే వేయవచ్చు, కాని అంతకు ముందు ఆనాటికి బజారులో ఎక్కువగా నడిచే రెండు మూడు నాణేల వెనుకభాగాలను ఎంచి, దేశమంతటా బహిరంగ పోటీ పెట్టి, 1947–2047 అన్న జంట సంవత్సరాలతో, రాజ్యాంగం గుర్తించిన భాషల లిపులకు వంతులవారీగా చోటిస్తూ, కనీసం రెండేళ్ల పాటు మరే ఇతర సందర్భానికీ చలామణి నాణెం వేయకుండా వాటినే ముద్రించాలి. నమూనాలను ఏడాది ముందే పంచాయతీ కార్యాలయాలలో, రైతుబజార్లలో, బస్టాండ్లలో ప్రదర్శించాలి.